అరకులో తూకం (ఒక సాఫ్టువేరు బొజ్జ కథ)

మా కంపెనీలో ఏడాదికోసారి ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయిస్తారు. ఉచితం కదా అని అందరం వెళ్తాం. రిపోర్టులు వచ్చిన రోజు క్యాంటీనులో కూర్చుని వాటిని అప్రైజలు రేటింగుల్లా పోల్చుకుంటాం. "నాకు ట్రైగ్లిజరైడ్లు 280, నీకెంత?", "నాదింకా ఎక్కువేలే.." ఇలా సాగుతుంది. లివరుకి కొవ్వు పట్టిందని రాసుంటే దాన్నెవరూ పెద్దగా పట్టించుకోరు. గ్రేడు వన్ అయితే జూనియరు, గ్రేడు టూ అయితే సీనియరు, అంతే తేడా :)

2024 సెప్టెంబరులో నాకు ప్రమోషనొచ్చింది. గ్రేడు టూ.

ఇది నా ఒక్కడి గోల కాదులెండి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ళు హైదరాబాదు ఐటీ ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం ఒకటి 2023లో వచ్చింది. పరీక్షించిన వాళ్ళలో దాదాపు 46 శాతం మందికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉందని తేలింది. అంటే నడుం చుట్టుకొలత, బీపీ, షుగరు, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్టరాలు.. ఈ ఐదింట్లో కనీసం మూడు గాడి తప్పాయన్నమాట. 2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయం వాళ్ళ అధ్యయనం ఇంకో మెట్టు ఎక్కింది. 345 మంది ఐటీ ఉద్యోగులని చూస్తే 84 శాతం మందికి లివర్లో కొవ్వు, 71 శాతం మందికి ఊబకాయం. అంటే మా టీములో పదిమందిని వరసగా నిలబెడితే ఎనిమిదిమంది నా బాపతే.

ఇలాంటివి చదివినప్పుడు మనం చేసే పని ఒకటే. "సోమవారం నుంచి మొదలెడదాం" అనుకోవడం. నేను కనీసం పాతిక సోమవారాలు మొదలెట్టాను. అన్నం మానేశాను, చపాతీ తిన్నాను. చపాతీ మానేశాను, ఓట్సు తిన్నాను. ఉదయం తేనె నిమ్మరసం, పదహారు గంటల ఉపవాసం, వారం రోజులు ఉత్త క్యాబేజీ సూపు, ఒకసారైతే నెల్లాళ్ళు నెయ్యీ మాంసమూ తప్ప వేరే ఏమీ లేని పద్ధతి. ప్రతిదానికీ నాలుగైదు కిలోలు తగ్గాను. ప్రతిసారీ వడ్డీతో సహా తిరిగొచ్చాయి.

ఇక్కడిదాకా నవ్వుతూ రాయగలను. ఇకమీదది రాయాలంటే కొంచెం సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఎందుకంటే చదివేవాళ్ళలో కొందరికి ఇది తెలిసిన సంగతేనని నాకు అనుమానం.

నేను పగలు బుద్ధిగానే తినేవాణ్ణి. క్యాంటీనులో అందరి ముందూ సలాడు. మా ఆవిడ ముందు రెండు పుల్కాలు. అసలు కథ రాత్రి పదకొండున్నరకి, అమెరికా కాల్ అయ్యాక మొదలయ్యేది. ఇంట్లో అందరూ నిద్రపోయుంటారు. వంటింట్లోకి వెళ్ళి ముందు ఒక బిస్కెట్టు. తర్వాత ప్యాకెట్టు. తర్వాత మిగిలిన అన్నంలో ఆవకాయ. తర్వాత పిల్లకని దాచిన కాజాలు. రుచి చూస్తూ తినడం కాదు అది. నిలబడి, గబగబా, ఎవరో తరుముతున్నట్టు. ఒక్కోరోజు ఫోనులో బిర్యానీ తెప్పించుకుని, కాలింగ్ బెల్లు కొట్టొద్దని డెలివరీ కుర్రాడికి రాసి, మెట్ల మీదే కూర్చుని తిని, ఖాళీ డబ్బా పై అంతస్తు చెత్తబుట్టలో పడేసి వచ్చేవాణ్ణి. కడుపు పగిలిపోయేలా ఉండేది. ఆకలి మాత్రం మొదలుపెట్టేటప్పుడు కూడా ఉండేది కాదు.

ఒక ఆదివారం మా అమ్మాయి పుస్తకాల అలమర సర్దుతుంటే వెనక బిస్కెట్టు ప్యాకెట్టు దొరికింది. ఏడేళ్ళ పిల్ల. ఇక్కడెందుకు దాచావురా అంటే, "రాత్రి తింటాను, నీలాగ" అంది. మా ఆవిడ నా వైపు చూసింది. ఏమీ అనలేదు.

ఆ వారం మేనేజరుకి సెలవు అడిగాను. ఎక్కడికెళ్ళాలో తెలీదు, కానీ ఆ వంటింటికి దూరంగా కొన్నాళ్ళు ఉండాలనిపించింది. అరకు దగ్గర నా పాత హాస్టలు రూమ్మేటు ఉన్నాడు. వాడు పుట్టింది ఆ లోయలోనే. ఆశ్రమ పాఠశాలలో చదివి, విశాఖలో నాతో డిగ్రీ చేసి, ఇప్పుడు అక్కడే మాస్టారు. డుంబ్రిగుడ మండలంలో ఒక చిన్న ఊరు. "రారా, పది రోజులుండు. నెట్‌వర్కు మాత్రం అడక్కు" అన్నాడు.

అరకు నాకు కొత్తేం కాదు. టీము అవుటింగులకి రెండుసార్లు వెళ్ళాను. విశాఖలో పొద్దున్నే కిరండూల్ బండెక్కితే సుమారు నాలుగ్గంటలు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలతో పాటు పెద్దలూ అరుస్తారు. ఆ నాలుగ్గంటలూ నోరు ఆడుతూనే ఉంటుంది. కొత్తవలస దాటకముందే ఇడ్లీలు, శృంగవరపుకోట తర్వాత మసాలా వడలు, బొర్రా గుహల స్టేషనులో జామకాయలు. దిగాక బొంగు చికెను, కాల్చిన మొక్కజొన్న కండెలు, కాఫీ, చాక్లెట్లు. టూరిస్టుకి అరకు అంటే ఇంతే.

ఈసారి అది కాదు. నవంబరు నెల, చలి మొదలైంది. కొండ వాలుల్లో వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి. మావాడి ఇంట్లో వాడు, వాళ్ళావిడ, ఇద్దరు పిల్లలు, వాళ్ళమ్మ. వాళ్ళావిడ ఆ ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచరు. ముసలావిడ ఇంట్లో ఆదివాసీ ఒరియా మాట్లాడుతుంది, నాతో తెలుగు.

వెళ్ళిన రోజు సాయంత్రం ఆరున్నరకి ఆవిడ అడిగింది. "ఏటి బాబూ, ఆకలేస్తందా?"

నాకు జవాబు తెలీలేదు. మొహమాటం కాదండీ, నిజంగానే తెలీలేదు. వేస్తోందా? వెయ్యట్లేదా? టైమెంతయిందో చూసి తినడం తెలుసు. కాల్ అయిపోతే తినడం తెలుసు. కోడు రివ్యూలో తిట్లు తింటే పైన స్వీటు తినడం తెలుసు. ఆకలి అన్న సిగ్నలు చదివి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

ఏడింటికి అన్నం పెట్టారు. సామబియ్యం అన్నం, కందిపప్పులో ఏదో ఆకు, ఎండుచేపల పులుసు. అందరం నేల మీద కూర్చుని తిన్నాం. ఎనిమిదిన్నరకల్లా ఊరు నిద్రపోయింది. నాకు పదకొండున్నరకి మెలకువొచ్చింది. శరీరం కాల్ టైము మర్చిపోలేదు చూడండి! లేచి కూర్చున్నాను. వంటింటి వైపు చూశాను. కుండలో పొద్దుటికి చోడి అంబలి పులుస్తోంది, అంతే. బిస్కెట్టు లేదు, డబ్బా లేదు. కొట్టు రెండు కిలోమీటర్ల కింద, అదీ మూసేసుంటుంది. పది నిమిషాలు అటూ ఇటూ కదిలాను. తర్వాత పడుకున్నాను. నిద్రపట్టింది.

మర్నాడూ అంతే. మూడో రోజు రాత్రి మెలకువే రాలేదు.

నేను చాలా పొంగిపోయాను. నాకు సంకల్పబలం వచ్చేసిందనుకున్నాను. నాలుగో రోజు మావాడితో కొండ దారిన నడుస్తూ ఒక సిద్ధాంతం కూడా చెప్పాను. "మీ ఊళ్ళో ఒక్కడికీ బొజ్జ లేదు చూశావా! చోళ్ళు, సామలు, నడక. ఇదీ జీవితం. మా వాళ్ళందర్నీ ఇక్కడికి తెచ్చి పడేస్తే నెల రోజుల్లో బాగుపడతారు" అన్నాను. వాడు నవ్వలేదు. "రేపు మా ఆవిడ తూకాలు వేస్తుంది. నువ్వూ రా. ఆ ఫోనులో యాప్ ఏదో సతాయిస్తోందట, చూసిపెడుదువు గాని" అన్నాడు.

అంగన్‌వాడీలో పిల్లల బరువులు, గర్భిణుల బరువులు చూసి పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో ఎక్కించాలి. దేశమంతా 2021 నుంచి వాడుతున్న యాప్ అది. ఫోను పట్టుకుని నేను కూర్చున్నాను. చెల్లెమ్మ తూకం వేసి అంకె చెబుతోంది, నేను ఎక్కిస్తున్నాను. ఒకమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో, ఏడో నెల. తూకం చూసి చెల్లెమ్మ మొహం మారింది. పోయిన నెల ఎంతో ఈ నెలా అంతే. ఒక్క గ్రాము పెరగలేదు. బిడ్డ పెరుగుతోందంటే తల్లి తరుగుతోందన్నమాట.

ఆ అమ్మాయి దిగాక, వాతావరణం తేలికపరుద్దామని నేను తూకమెక్కాను. అంకె చూసి ఒక ముసలమ్మ "ఈ బాబు ఒక్కడే ఇద్దరికి సరిపోతాడు" అంది. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. నాకు నిన్నటి నా సిద్ధాంతం గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. వాళ్ళకి బొజ్జ లేకపోవడం వాళ్ళు కనిపెట్టిన ఆరోగ్య రహస్యం కాదు. చాలా ఇళ్ళలో అది చాలని తిండి. మనం డబ్బు పోసి కొనుక్కునే ఉపవాసం వాళ్ళకి జూలై, ఆగస్టుల్లో ఉచితంగా వస్తుంది, కొత్త పంట ఇంటికి రానంతవరకు.

చెల్లెమ్మ ఒక మాటంది. "అన్నయ్యా, మీ అంకె తగ్గాలి, ఆ పిల్ల అంకె పెరగాలి. చెబితే అయ్యే పనులు కావు రెండూను."

సాయంత్రం దాని గురించే మాట్లాడుకున్నాం. ఒకప్పుడు గర్భిణులకి బియ్యం, పప్పు, నూనె ఇంటికిచ్చి పంపేవారు. ఇంటికెళ్ళాక అది అందరి కుండలో పడేది. అత్తగారూ, మొగుడూ, పిల్లలూ తిన్నాక మిగిలింది ఆమెది. బాగా తినాలని ఆమెకి తెలీక కాదు. చెప్పినప్పుడల్లా తలూపేది కూడా. కానీ ఇంటి పద్ధతి ముందు తెలివి ఎంతసేపు నిలబడుతుంది? అందుకని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమృతహస్తం అని మొదలుపెట్టారు. పథకం పేర్లు తర్వాత మారాయి, 2020లో 77 గిరిజన మండలాలకి ప్రత్యేకంగా ఇంకొకటి వచ్చింది. అమృతహస్తం కిటుకు మాత్రం ఒకటే. భోజనం అంగన్‌వాడీలోనే వండి, అక్కడే కూర్చోబెట్టి పెట్టడం. అన్నం, పప్పు, గుడ్డు, పాలు. ఐరన్ మాత్ర కూడా అక్కడే, టీచరు కళ్ళ ముందు మింగడం. అందరికీ కుదురుతుందని కాదు. కొండ మీది గుడిసెల నుంచి నిండు చూలాలు రోజూ దిగి రాలేదు. ఏడో నెల అమ్మాయి ఇబ్బంది అదే. అందుకే చెల్లెమ్మ ఆమె భోజనం ఆయాతో పంపి, తినేదాకా అక్కడే కూర్చోమని చెప్పింది.

నాకక్కడ తట్టింది. ఆమెకి ఎవరూ సంకల్పబలం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. తినే చోటు మార్చారు, తినే వేళ మార్చారు, పక్కన ఒక మనిషిని పెట్టారు. మూడు రాత్రులు నేను తినకుండా పడుకోవడం కూడా అలాంటిదే. నా గుణం మారలేదు, నా వంటింట్లో బిస్కెట్టు లేదు, అంతే. హైదరాబాదు రాగానే పాత నేనే లేచి కూర్చుంటాడు.

నిజానికి ఆ కొండల్లోనూ చుట్టూ ఉన్నది మారితే మనిషి తిండి మారుతోంది. రేషను బియ్యం వచ్చాక చోళ్ళూ సామలూ వెనక్కి పోయాయి. కిందనున్న కొట్టుకి వెళ్ళి చూస్తే గుమ్మానికి తోరణాల్లా చిప్సు ప్యాకెట్లు. బడి వదిలాక పిల్లలు అటే పరిగెడతారు. మనవాళ్ళకి వేరే జన్యువులు, వాళ్ళకి వేరే నిగ్రహం అని ఏమీ లేదు. సరిహద్దు అవతల ఒడిశా వాళ్ళు దీన్ని తిప్పడానికి 2017లో ఒక చిరుధాన్యాల మిషను పెట్టారు, కోరాపుట్ జిల్లా కూడా అందులో ఉంది. "రాగులు మంచివి, తినండి" అని పోస్టర్లు అంటించి ఊరుకోలేదు. రైతు దగ్గర మద్దతు ధరకి కొని, రేషను షాపుల్లో ఇచ్చారు. పండిస్తే లాభం, తినాలంటే చేతికందేంత దగ్గర. ప్రవర్తన అలా మారుతుంది.

తిరిగొచ్చాక ఈ విషయం మీద చదవడం మొదలెట్టాను. మన వృత్తి ధర్మం కదా, బగ్గు దొరికితే చరిత్ర తవ్వడం. అల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికా మానసిక వైద్యుడు 1959లో తోటి పరిశోధకురాలితో కలిసి అప్పటిదాకా వచ్చిన బరువు చికిత్సలన్నీ తిరగేశాడు. ఫలితం చాలా నిరాశ. తగ్గేవాళ్ళే తక్కువ, తగ్గినా నిలబెట్టుకునేవాళ్ళు మరీ తక్కువ. 1962లో ఫెర్స్టర్, ఆయన సహచరులు ప్రశ్నని తిరగేశారు. మనిషిలో ఏం లోపముందని కాదు, తినడానికి ముందు ఏం జరుగుతోంది, తర్వాత ఏమొస్తోంది అని అడిగారు. 1967లో రిచర్డ్ స్టూవర్ట్ ఆ పద్ధతినే ఎనిమిదిమంది మీద ఏడాది పాటు నడిపాడు. తినేది రాసుకోవడం, ఒకే చోట కూర్చుని తినడం, తినేటప్పుడు ఇంకో పని చెయ్యకపోవడం, ముద్దకీ ముద్దకీ మధ్య ఆగడం. ఎనిమిదిమందీ తగ్గారు, ఒక్కొక్కరు సుమారు 12 నుంచి 21 కిలోలు. ఎనిమిదిమంది చిన్న సంఖ్యే, కానీ దారి అక్కడే మొదలైంది.

ఇంకొకటి చదివితే నా పాతిక సోమవారాల సంగతి తేలిపోయింది. 1944-45లో మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఆరు నెలలు సగం తిండి పెట్టాడు. యుద్ధంలో పాల్గొనడానికి ఒప్పుకోని స్వచ్ఛంద సేవకులు వాళ్ళు. వాళ్ళకి రోజంతా తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. ప్రయోగం అయ్యాక కడుపు పగిలేలా తిన్నా కొందరికి తృప్తి తీరలేదు. వాళ్ళు బలహీన మనస్కులేం కాదు. పస్తు పెడితే శరీరం చేసే పని అది. పగలు సలాడు తిని రాత్రి మెట్ల మీద బిర్యానీ తినేవాడు రెండు వేర్వేరు మనుషులు కాదు. మొదటివాడే రెండోవాణ్ణి తయారుచేస్తున్నాడు!

ఇలా అదుపు తప్పి తినడానికి ఒక పేరుంది, బింజ్ ఈటింగ్. స్టంకార్డే దాన్ని 1959లో వర్ణించాడు. అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో పూర్తి స్థాయి జబ్బుగా చోటు దొరకడానికి 2013 దాకా పట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ అభివృద్ధి చేసిన చికిత్సలో మొదటి మందు ఏమిటో తెలుసా? తక్కువ తినడం కాదు. వేళకి తినడం. మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడు చిరుతిళ్ళు, ఏదీ మానకూడదు. నేనిది చదివి నమ్మలేదు. లావుగా ఉన్నవాణ్ణి ఐదుసార్లు తినమంటారేమిటి అనుకున్నాను.

మా ఫ్యామిలీ డాక్టరు నన్నొక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ చెప్పిందీ అదే. ముందు రెండు వారాలు ఏమీ మార్చొద్దు, రాయండి అన్నారు. ఏం తిన్నాను, ఎక్కడ, ఎప్పుడు, దానికి ముందు ఏం జరిగింది. మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, లాగ్ చూడకుండా కోడు ముట్టుకోవద్దని :) రెండు వారాల లాగ్ చదివితే నాకే ఆశ్చర్యమేసింది. రాత్రి తిండి పడిన రోజులన్నిటికీ రెండే లక్షణాలు. ఒకటి, మధ్యాహ్నం సరిగ్గా తినలేదు. రెండు, కాల్‌లో నేను చెప్పిందాన్ని ఎవరో తీసిపారేశారు, నేను నోరు మూసుకున్నాను. ఇన్నేళ్ళూ నాకు స్వీట్ల పిచ్చి అనుకున్నాను. సమస్య స్వీటులో లేదు.

తర్వాత చేసినవి చెబితే నవ్వుతారు, అంత చిన్నవి. మధ్యాహ్నం అన్నం తిన్నాను, కడుపునిండా, పప్పుతో, గుడ్డుతో. కాల్‌కి ముందు తొమ్మిదిన్నరకి పెరుగన్నమో పండో కూర్చుని తిన్నాను. ఇంట్లో తినడానికి ఒకటే చోటు, డైనింగు టేబులు. నిలబడి ఏదీ తినకూడదు, నీళ్ళు తప్ప. కాల్ అయ్యాక వంటింటి వైపు కాకుండా కింద పార్కింగులోకి వెళ్ళి పది నిమిషాలు నడక. ఫోనులోంచి డెలివరీ యాప్‌లు తీసేశాను. మళ్ళీ పెట్టుకోవడం రెండు నిమిషాల పనే, కానీ ఆ రెండు నిమిషాలే నా కొండ దారి. అన్నిటికంటే కష్టమైంది మా ఆవిడకి అంతా చెప్పడం. మెట్ల సంగతి, పై అంతస్తు చెత్తబుట్ట సంగతి. ఆవిడ విని, "నాకు తెలుసు. నువ్వు చెబుతావని చూస్తున్నా" అంది.

2025 జనవరిలో ఒక శుక్రవారం అన్నీ తలకిందులయ్యాయి. రిలీజు పోయింది, నా పేరు మీద. అర్ధరాత్రి వంటింట్లో నిలబడి సంక్రాంతి అరిసెలు ఎన్ని తిన్నానో లెక్కలేదు. అప్పుడే మావాడి మెసేజి చూశాను. ఆ అమ్మాయికి ఆడపిల్ల, 2 కిలోల 600 గ్రాములు, ఇద్దరూ క్షేమం. అరిసె చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. అదేదో మహిమ జరిగి డబ్బా మూసేశానని రాయడం లేదు. ఇంకోటి తిన్నాను కూడా. కానీ మర్నాడు పొద్దున్న ఉపవాసం చెయ్యలేదు. మామూలుగా ఇడ్లీ తిన్నాను. అదే తేడా. ఇదివరకు ఒక రాత్రి జారితే దానికి శిక్షగా మూడు రోజులు పస్తు, ఆ పస్తు వల్ల ఇంకో రాత్రి. ఆ గొలుసు తెగింది.

పద్నాలుగు నెలలకి లెక్క చెప్పమంటారా? ఏడు కిలోలు. మీ జిమ్ము స్నేహితులకి చెబితే నవ్వుతారు. లివరు గ్రేడు టూ నుంచి వన్‌కి వచ్చింది, అంటే డిమోషను. వారానికి నాలుగైదు రాత్రులు ఉండేది ఇప్పుడు నెలకోసారో, రెండు నెలలకోసారో. నాకు మూడోదే ముఖ్యం.

చిన్న మార్పులకి విలువ లేదనుకునేవాళ్ళకి ఒక మాట. అమెరికాలో 2002లో వచ్చిన పెద్ద ప్రయోగంలో ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్న గుంపులో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్ళలో 31 శాతం. మనవాళ్ళ సంగతేమిటంటారా? చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో చూపించింది. జీవనశైలి మార్పుతో 28.5 శాతం, మాత్రతో 26.4 శాతం. అదే బృందం 2013లో మొబైలుకి సలహాల ఎస్సెమ్మెస్‌లు పంపి కూడా మధుమేహం 36 శాతం తగ్గించింది. గుర్తు చేసే మనిషి లేకపోతే గుర్తు చేసే మెసేజి.

"ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయిగా, ఇదంతా ఎందుకు?" అని మొన్న మా టీములోనే ఒకడు అడిగాడు. వచ్చాయి. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. బాగా పనిచేస్తాయి, అవసరమైనవాళ్ళు డాక్టరు చెబితే వాడటంలో తప్పేమీ లేదు, సిగ్గు అసలే లేదు. కానీ సెమాగ్లుటైడ్ ఆపేసిన వాళ్ళకి ఏడాదిలోనే తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చిందని 2022లోనే ప్రచురించారు. మందు ఆకలిని తగ్గిస్తుంది. నా సమస్య ఆకలి కానప్పుడు ఆ రాత్రి పదకొండున్నరని ఎలాగూ నేనే ఎదుర్కోవాలి.

ఇక మన కంపెనీల సంగతి. ఏడాదికోసారి పరీక్షలు చేయించి, నోటీసు బోర్డు మీద "మెట్లెక్కండి, ఆరోగ్యంగా ఉండండి" అని అంటించి చేతులు దులుపుకుంటారు. రాత్రి కాల్ వేళ మార్చరు. అర్ధరాత్రి దాకా పనిచేసినవాడికి పిజ్జా మాత్రం తెప్పిస్తారు. ఇంటికి పప్పు పొట్లం ఇచ్చి పంపి "బాగా తినమ్మా" అన్నట్టే ఇదీను. కొండల్లో ఒక అంగన్‌వాడీ టీచరుకి అర్థమైన విషయం మన హెచ్చార్లకి ఎందుకు అర్థం కాదో నాకు తెలీదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం మంది ఆడవాళ్ళు అధిక బరువు, దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. ఒకే రాష్ట్రం, ఒకే సర్వే. కొందరికి ఎక్కువై, కొందరికి చాలక, ఇంకొందరికి రెండూ ఒకే ఒంట్లో. ఎవరి అంకె చూసినా వాళ్ళ గుణం గురించి తీర్పు చెప్పే ముందు వాళ్ళ వంటింట్లో ఏముంది, ఏ వేళకి పని ముగుస్తుంది, ముందెవరు తింటారు అని అడగాలి.

మా అమ్మాయి అలమర వెనక ఈమధ్య ఏమీ దొరకలేదు. వెతకడం మానేశాను కూడా. తొమ్మిదిన్నరకి నేను పెరుగన్నం తింటుంటే వచ్చి పక్కన కూర్చుంటుంది. ఒక ముద్ద అడుగుతుంది. "ఆకలేస్తోందా?" అంటాను. ఒక్కోసారి ఆలోచించి "లేదు, ఊరికే" అంటుంది. దానికి జవాబు తెలుసు. నాకది చాలు.

మీ ఇంట్లో రాత్రి పదకొండున్నరకి వంటింటి లైటు వెలుగుతోందా? వెలుగుతుంటే మీరు తిండిపోతు కాదు, మీరు ఒక్కరే కూడా కాదు. ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టరుకి చెప్పండి. ఎవరికీ చెప్పలేకపోతే ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. సోమవారం దాకా ఆగకండి. ముందు ఈ మధ్యాహ్నం కూర్చుని కడుపునిండా అన్నం తినండి.